మిషెల్ రేమండ్ (ఫ్రెంచి సేనాని)

మిషెల్ జోయాకిం మారీ రేమండ్ (1755 - మార్చి 25, 1798) హైదరాబాదు నిజాం రెండవ ఆసఫ్ జా (నిజాం అలీ ఖాన్) కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని. హైదరాబాదు ప్రజలు ఇతడిని మూసా రహీం, మూసా రాం అని పిలిచారు. నగరంలోని మూసారాంబాగ్ ప్రాంతానికి ఆ పేరు ఇతడి వలననే వచ్చింది. అద్దెకు తెచ్చిన తుపాకులతో 300 మంది సిపాయిలను కూర్చి, పన్నెండు సంవత్సరాలలో దానిని దక్కనులోని పెద్ద శిక్షిత సేనలలో ఒకటిగా పెంచాడు. ఇతడు మరణించిన ఏడు నెలలకే ఆ సేన యుద్ధం లేకుండా రద్దయింది. దానిని రద్దు చేయించిన ఆంగ్ల పటాలాలు గుంటూరు సీమ నుండి బయలుదేరి వెళ్ళాయి.

తొలి జీవితం

రేమండ్ 1755లో ఫ్రాన్సు దేశపు నైరుతి భాగంలోని గాస్కనీ ప్రాంతంలో, సెరిన్యాక్ గ్రామంలో జన్మించాడు. 1775లో సోదరునితో కలిసి వ్యాపారం నిమిత్తం పుదుచ్చేరి చేరాడు. అయితే కొద్దికాలానికే వ్యాపారం వదలి సైనికవృత్తిలోకి మారాడు. మైసూరు పాలకుడు హైదర్ అలీ వద్ద షెవాలియే డి లాస్ అనే అధికారి నడుపుతున్న ఫ్రెంచి దళంలో చేరాడు. 1783లో ఫ్రెంచి సేనాధిపతి బుస్సీ భారతదేశానికి తిరిగి వచ్చినప్పుడు అతనికి సహాయాధికారిగా నియమితుడయ్యాడు. 1750వ దశకంలో హైదరాబాదు దర్బారును శాసించి, కోస్తా సర్కారులను ఫ్రెంచివారికి సంపాదించిపెట్టినవాడు ఈ బుస్సీయే. అతను 1785లో పుదుచ్చేరిలో మరణించాడు. ఆ తరువాత రేమండ్ పుదుచ్చేరి గవర్నరు అనుమతితో నిజాం కొలువుకు వెళ్ళాడు.

గుంటూరు సీమలో ఫ్రెంచి దళం

రేమండ్ రాకకు ముందే నిజాం కుటుంబానికి ఫ్రెంచి సైనికులతో సంబంధం ఉంది. నిజాం అలీ ఖాన్ తమ్ముడు బసాలత్ జంగ్ ఆదోనిలో ఉంటూ గుంటూరు సర్కారును జాగీరుగా అనుభవించేవాడు. అప్పట్లో ఈ సర్కారును ముర్తజానగర్ అని కూడా పిలిచేవారు. కృష్ణానదికి దక్షిణాన కొండవీడు, వినుకొండ ప్రాంతాలు, మోటుపల్లి రేవు ఇందులో ఉండేవి. 1768 నాటి ఒడంబడిక ప్రకారం బసాలత్ జంగ్ జీవించి ఉన్నంతవరకు ఈ సీమ అతనికి చెందుతుంది. ఆ తరువాత ఈస్టిండియా కంపెనీకి చేరాలి.

బసాలత్ జంగ్ తన వద్ద ఒక ఫ్రెంచి దళాన్ని పోషించాడు. లాలీ అనే అధికారి దానికి నాయకుడు. ఈ దళానికి మనుషులు, తుపాకులు, మందుగుండు సముద్రమార్గాన మోటుపల్లి రేవులో దిగేవి. తమ మచిలీపట్నం, మద్రాసు స్థావరాల నడుమ ఇలాంటి దారి తెరచి ఉండటం ఆంగ్లేయులకు ఆందోళన కలిగించింది. 1779లో మద్రాసు ప్రభుత్వం బసాలత్ జంగ్ నుండి గుంటూరును కౌలుకు తీసుకొని సైన్యాన్ని పంపింది. దీనివలన నిజాం, హైదర్ అలీ ఇద్దరూ ఆగ్రహించారు. రెండవ మైసూరు యుద్ధానికి దారితీసిన కారణాలలో ఇది ఒకటి. 1780లో కలకత్తా ఆదేశంపై గుంటూరును తిరిగి ఇచ్చివేశారు. 1782లో బసాలత్ జంగ్ మరణించినా నిజాం ఆ సీమను వెంటనే వదలలేదు. చివరకు 1788లో అది కంపెనీ వశమయింది. దానితో నిజాం రాజ్యానికి తూర్పు తీరం పూర్తిగా మూసుకుపోయింది. రేమండ్ సేన పెరిగినది ఈ పరిస్థితిలోనే. యూరపు నుండి ఆయుధాలు దిగడానికి రేవు లేనందున వాటిని రాజ్యంలోనే తయారు చేసుకోవలసి వచ్చింది.

అద్దె తుపాకులతో ఆరంభం

నిజాం కొలువులో రేమండ్ మొదట కూర్చిన దళంలో 300 మంది మాత్రమే ఉన్నారు. వారికి ఇవ్వడానికి తుపాకులు లేవు. ఒక ఫ్రెంచి వర్తకుని వద్ద ఒక్కొక్క తుపాకికి నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దె చెల్లించి తెచ్చుకున్నాడు.

ఆనాటి సిపాయిల తుపాకి చెకుముకిరాయితో పేలేది. గొట్టంలో మందు, సీసపు గుండు వేసి ఇనుప కడ్డీతో కూరాలి. మీట నొక్కగానే రాయి ఉక్కుపలకను కొట్టి నిప్పురవ్వలు రాల్చేది. రాయి అరిగినా, మందు చెమ్మగిలినా, రవ్వలు పడే చిన్న పళ్ళెం నుండి గొట్టంలోకి పోయే రంధ్రం మసితో పూడినా తుపాకి పేలదు. వాడిన తుపాకులలో ఈ లోపాలు ఎక్కువ. అందువలన పాత తుపాకులతో దళం నడపాలంటే కమ్మరులు, వడ్రంగులు, రోజూ శుభ్రం చేసే అలవాటున్న సిపాయిలు అవసరం. ఒక్క తుపాకి గురి నమ్మదగినది కాదు కనుక, వందలమంది వరుసలో నిలబడి ఒకేసారి కాల్చడంలోనే దాని బలం ఉండేది. దీనికి కవాతు, క్రమశిక్షణ, క్రమంగా అందే జీతం కావాలి. రేమండ్ ఈ మూడింటిపై శ్రద్ధ పెట్టాడు.

ఇదే కాలంలో యూరపులో మందు లేకుండా పేలే తుపాకిని కూడా ప్రయత్నించారు. గిరాండోని అనే శిల్పి రూపొందించిన గాలి తుపాకిని ఆస్ట్రియా సైన్యం 1780లో స్వీకరించింది. వెనుకభాగంలోని ఇనుప తిత్తిలోకి పంపుతో ముందుగా గాలిని ఎక్కించేవారు. సుమారు 1500 సార్లు కొడితే తిత్తి నిండేది. అందులో 20 వరకు గుండ్లు పట్టేవి. పొగ వచ్చేది కాదు. వానలో తడిసినా పేలేది. కాని గాలి కారిపోని తిత్తులను చేయడం, చెడిన వాటిని బాగుచేయడం సామాన్య కమ్మరుల వలన కాలేదు. అందుచేత ఆ తుపాకి కొన్ని దశాబ్దాలకే వాడుక నుండి తప్పుకుంది. ఆయుధం ఎంత గొప్పదైనా, దానిని బాగుచేయగల పనివారు దగ్గరలో లేకపోతే సైన్యానికి పనికిరాదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

ఆయుధాల కర్మాగారం

హైదరాబాదులో ఫతేమైదాన్ సమీపంలో రేమండ్ ఫిరంగుల పోతపని కర్మాగారం నెలకొల్పాడు. ఇక్కడ ఫిరంగులు, ఫిరంగి గుండ్లు తయారయ్యేవి. దీనిని తోప్ కా సాంచా అనేవారు. ఇప్పటి గన్‌ఫౌండ్రీ ప్రాంతం పేరు దీని నుండి వచ్చినదే. 1796లో నిజాం ఇతడిని ఆయుధశాఖకు అధిపతిగా నియమించాడు. అజ్దర్ జంగ్ వంటి బిరుదులు, జాగీరు ఇచ్చాడు. సేన జీతాల కొరకు ప్రత్యేకంగా కొన్ని భూముల ఆదాయం కేటాయించాడు. ఈ కేటాయింపు వలన రేమండ్ సిపాయిలకు జీతాలు ఇతర దళాల కంటే క్రమంగా అందేవి.

యుద్ధాలు

1790-92 మధ్య టిప్పు సుల్తాన్‌పై జరిగిన మూడవ మైసూరు యుద్ధంలో రేమండ్ దళం నిజాం పక్షాన పాల్గొన్నది. తరువాత సేన వేగంగా పెరిగింది.

1795 మార్చి 11న మరాఠాలతో ఖర్డా యుద్ధం జరిగింది. అప్పటికి రేమండ్ వద్ద సుమారు 11,000 మంది ఉన్నారు. ఎదుటి పక్షంలో సింధియా పటాలాలను నడిపినది పెరోన్ అనే మరొక ఫ్రెంచి అధికారి. రేమండ్ పటాలాలు చెదరకుండా నిలబడ్డాయి. కాని నిజాం భయపడి ఖర్డా కోటలోకి వెనుదిరగడంతో అవి కూడా వెనుకకు రావలసి వచ్చింది. నిజాం ఓడి భారీ నష్టపరిహారానికి ఒప్పుకున్నాడు. ఈ యుద్ధంలో ఆంగ్లేయులు తటస్థంగా ఉండిపోయారు. నిజాం వారి రెండు పటాలాలను పంపివేసి రేమండ్‌పై మరింత ఆధారపడ్డాడు.

అదే సంవత్సరం నిజాం కుమారుడు ఆలీ జా తిరుగుబాటు చేశాడు. రేమండ్ అతనిని వెంటాడి పట్టుకున్నాడు. రాజధానికి తెస్తుండగా ఆలీ జా విషం తాగి మరణించాడు.

కడప, కంభం వివాదం

1792లో టిప్పు నుండి నిజాంకు వచ్చిన సీమలలో కడప, కంభం ఉన్నాయి. ఖర్డా యుద్ధం తరువాత నిజాం రేమండ్ సేనలో కొంత భాగాన్ని ఈ ప్రాంతానికి పంపాడు. ఇది కంపెనీ సరిహద్దు. కంభం నుండి తూర్పుగా వెళితే తీరమైదానం వస్తుంది. అప్పటికి ఫ్రాన్సులో రాజరికం పోయి గణతంత్రం ఏర్పడింది. ఇంగ్లండుతో యుద్ధం సాగుతున్నది. రేమండ్ సేన ఫ్రెంచి గణతంత్రపు మూడురంగుల జెండాను ఎగురవేసేది. ఫ్రెంచి నౌకలు తీరానికి వస్తే ఈ సేన వాటితో కలుస్తుందని ఆంగ్లేయులు భావించారు. ఇరవై ఏళ్ళ క్రితం మోటుపల్లి గురించి పడిన ఆందోళనే మళ్ళీ తలెత్తింది. గవర్నర్ జనరల్ జాన్ షోర్ ఆ దళాన్ని వెనుకకు పిలవాలని నిజాంపై వత్తిడి చేశాడు. దర్బారులోని ఆంగ్ల అనుకూల వర్గం రేమండ్‌కు పోటీగా ఫింగ్లాస్, బోయ్డ్ అనే ఇతర సేనానులను ప్రోత్సహించింది.

మరణం, సేన రద్దు

రేమండ్ 1798 మార్చి 25న తన 43వ ఏట మరణించాడు. విషప్రయోగం జరిగిందని వదంతులు వచ్చాయి గాని నిర్ధారణ కాలేదు. సేనాధిపత్యం పిరోన్ అనే ఫ్రెంచి అధికారికి దక్కింది. అతనికి రేమండ్‌కున్న పలుకుబడి లేదు. అప్పటికి సేనలో సుమారు 14,000 మంది ఉన్నారు.

మే నెలలో గవర్నర్ జనరల్‌గా వచ్చిన వెల్లెస్లీ ఈ సేనను తొలగించడానికి పూనుకున్నాడు. 1798 సెప్టెంబరు 1న నిజాంతో సైన్య సహకార ఒడంబడిక కుదిరింది. మద్రాసు ప్రభుత్వం గుంటూరు సర్కారులో సమీకరించిన పటాలాలు కల్నల్ రాబర్ట్స్ నాయకత్వంలో అక్టోబరులో హైదరాబాదు చేరాయి. నిజాం కొంత తటపటాయించి ఫ్రెంచి అధికారులను తొలగిస్తున్నట్లు ప్రకటించాడు. అప్పటికే సిపాయిలకు జీతాల బకాయిలు పేరుకుపోయి ఉన్నాయి. వారు తిరగబడి తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించారు. అక్టోబరు 22న ఆంగ్ల రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్, అతని సహాయకుడు జాన్ మాల్కం పర్యవేక్షణలో కంపెనీ సైన్యం శిబిరాన్ని చుట్టుముట్టింది. బకాయిలు చెల్లిస్తామన్న హామీపై సిపాయిలు ఆయుధాలు అప్పగించారు. రక్తపాతం జరగలేదు. పటాలాలు, ఫిరంగులు అన్నీ ఉన్నప్పటికీ, జీతాలు ఆగిపోయి నాయకుడు లేకపోవడంతో సేన నిలువలేకపోయింది.

ఈ ఘటనతో దక్కనులో ఫ్రెంచి ప్రాబల్యం అంతరించింది. మరుసటి సంవత్సరం టిప్పు సుల్తాన్ మరణించాడు. 1800లో నిజాం కంపెనీ సైన్యం ఖర్చుల నిమిత్తం కడప, కంభంతో సహా దత్తమండలాన్ని కంపెనీకి అప్పగించాడు. కంభం ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉండి, 1970లో కొత్తగా ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరింది.

సమాధి, జ్ఞాపకాలు

రేమండ్ సమాధి హైదరాబాదులోని మలక్‌పేట వద్ద ఆస్మాన్‌గఢ్ గుట్టపై ఉంది. నల్లరాతి సమాధి, దాదాపు ఏడు మీటర్ల ఎత్తున్న స్తంభం, పక్కన స్తంభాల మండపం ఉన్నాయి. ఈ మండపం 2001లో కూలిపోగా తరువాత పునర్నిర్మించారు. రేమండ్‌ను ముస్లింలు మూసా రహీం అని, హిందువులు మూసా రాం అని పిలుచుకున్నారు. ఇతని వర్ధంతినాడు చాలాకాలం పాటు ప్రజలు సమాధి వద్ద దీపాలు, ధూపం వెలిగించేవారు.