క్రీస్తులో అమ్మను చూసిన జూలియన్

ఇంగ్లీషులో మొదటి పుస్తకం రాసిన స్త్రీ ఎవరంటే ఎమ్మే ఇంగ్లీషు చదివినవాళ్లు కూడా కాస్త తడుముకుంటారు. మనదాకా దక్కినవాటిలో మొదటిది నార్విచ్ జూలియన్‌ది.

ఆమె 1342 ప్రాంతంలో పుట్టింది. ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, 1349లో, ప్లేగు నార్విచ్‌ని ఊడ్చిపెట్టేసింది. 1361లో మళ్లీ, 1369లో మళ్లీ. ఇదంతా దేవుడి కోపమేనని జనం వణికిపోయిన రోజులవి.

1373 మే నెలలో జూలియన్‌కి పెద్ద జబ్బు చేసింది. ఇక బతకదనుకున్నారు. ఫాదర్ వచ్చి సిలువను కళ్లెదుట పట్టుకున్నాడు. పక్కనే ఉన్న కన్నతల్లి, బిడ్డ పోయిందనుకుని కళ్లు మూయడానికి చెయ్యి చాచింది. జూలియన్ మాత్రం ఆ సిలువ మీద క్రీస్తునే చూస్తోంది. అలా పదహారు దర్శనాలు కలిగాయట. జబ్బు నయమైంది.

తర్వాత ఆమె సెయింట్ జూలియన్ చర్చిని ఆనుకుని ఉన్న గదిలో ఏకాంతవాసానికి వెళ్లిపోయింది. అలా వెళ్లినవాళ్లు చచ్చేదాకా బయటికి రాకూడదు. మాటామంచీ అంతా కిటికీలోంచే.

చూసినవాటిని మొదట చిన్న పుస్తకంగా రాసింది. ఏళ్ల తరబడి ఆలోచించి దాన్నే పెద్దది చేసింది. నన్ను పట్టేసిన సంగతి ఇక్కడుంది. కళ్లు మూయబోయిన ఆ అమ్మ చిన్న పుస్తకంలో ఉంది, పెద్దదాంట్లో కనపడదు. పెద్దదాంట్లో క్రీస్తే అమ్మయ్యాడు! కన్నతల్లి పాలిచ్చి పెంచితే, ఆయన చర్చిలో ఇచ్చే రొట్టె రూపంలో తననే తినిపిస్తాడంది. బిడ్డ పడుతుంటే తల్లి ఒక్కోసారి చూసి ఊరుకుంటుంది, నేర్చుకుంటుందని. ప్రాణం మీదికి మాత్రం రానివ్వదు. ఒళ్లంతా మట్టి చేసుకున్న పిల్ల సిగ్గుపడి దాక్కోకుండా అమ్మ దగ్గరికే పరుగెత్తాలి. పాపం చేసినవాళ్లు చెయ్యాల్సిన ప్రార్థన కూడా అదేనంది. దేవుడిలో తనకు కోపమే కనిపించలేదనీ రాసింది. చర్చి బోధకు విధేయురాలినంటూనే ఆ మాట అనడానికి ఎంత గుండె ఉండాలండీ!

క్రీస్తును తల్లి అనడం ఈమెతో మొదలు కాలేదు. మూడొందల ఏళ్ల ముందే ఆర్చిబిషప్ ఆన్సెల్మ్ ప్రార్థనలో ఉంది. ఇంత విడమరిచి చెప్పింది మాత్రం జూలియనే.

1413 ప్రాంతంలో మార్జరీ కెంప్ లిన్ నుంచి ఈ కిటికీ దగ్గరికొచ్చింది. పద్నాలుగుమంది బిడ్డల తల్లి. ప్రార్థనలో ఆగకుండా ఏడుస్తుందని నలుగురూ ఆడిపోసుకునేవాళ్లు. తనకు కలిగే అనుభవాలు నిజమా, భ్రమా అని అడగడానికొచ్చింది. జూలియన్ ఆమెతో రోజుల తరబడి మాట్లాడింది. ఆ కన్నీళ్లు దేవుడిచ్చినవేననీ, లోకం మాటలు పట్టించుకోవద్దనీ చెప్పి పంపింది.