లోకానికి డీజిల్ ఇంజిన్ ఇచ్చారు.. ఓడెక్కి మాయమయ్యారు! రుడాల్ఫ్ డీజిల్ జీవితంలో ఏం జరిగిందంటే..

పాత డీజిల్ వ్యాన్ వేడెక్కి ఆగిపోయి, సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తుంటే మెకానిక్‌కు ముందుగా అనుమానం వచ్చేది హెడ్ గ్యాస్కెట్ మీదే. ఇంజిన్ బ్లాక్‌కు, పైన మూతలా కూర్చునే సిలిండర్ హెడ్‌కు మధ్య ఉండే పల్చటి పొర అది. ఇంజిన్ బాగా వేడెక్కితే హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పట్టు వదులుతుంది. లోపలి గ్యాస్ నీళ్ల దారిలోకి తన్నుకొస్తుంది. నీళ్లు ఆయిల్‌లో కలిస్తే అది పాలు పోసిన కాఫీలా మారిపోతుంది. డీజిల్ ఇంజిన్‌లో ఒత్తిడి పెట్రోల్ ఇంజిన్ కంటే ఎక్కువ కాబట్టి గ్యాస్కెట్‌కు పరీక్షా ఎక్కువే. సరిగ్గా ఆ ఒత్తిడితోనే ఏళ్ల తరబడి కుస్తీ పట్టిన మనిషి రుడాల్ఫ్ డీజిల్.

1858లో పారిస్‌లో పుట్టారు. తల్లిదండ్రులు జర్మన్లు. 1870లో ఫ్రాన్స్, జర్మన్ల మధ్య యుద్ధం రావడంతో ఆ కుటుంబం లండన్‌కు వెళ్లిపోయింది. పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను మాత్రం చదువు కోసం జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో బంధువుల దగ్గరకు పంపారు. మ్యూనిక్‌లో ఇంజినీరింగ్ చదివి, అక్కడ పాఠాలు చెప్పిన కార్ల్ వాన్ లిండే దగ్గరే ఐస్ యంత్రాల పనిలో చేరారు. అమోనియాతో ఇంజిన్ నడపాలని చూస్తే అది పేలి ఆస్పత్రి పాలయ్యారు.

అయినా వదల్లేదు. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది.. అందులోకి ఇంధనం వదిలితే దానంతటదే మండుతుంది. స్పార్క్ ప్లగ్ అక్కర్లేదు. 1892లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. కాగితం మీద లెక్క బాగానే ఉంది కానీ, అంత ఒత్తిడిని తట్టుకునే ఇనుము ఏది? మొదట అనుకున్న ఒత్తిడిని బాగా తగ్గించుకోక తప్పలేదు.

1893 ఆగస్టు 10న ఆగ్స్‌బర్గ్‌లో తొలి పరీక్ష. లోపల ఇంధనం మండగానే ఒత్తిడి కొలిచే పరికరం ముక్కలై ఎగిరిపడింది. డీజిల్ త్రుటిలో తప్పించుకున్నారు. అయితే ఇంధనం తనంతట తానే అంటుకుంటుందని మాత్రం తేలిపోయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఇంజిన్ సొంతంగా సుమారు ఒక నిమిషం తిరిగింది. అంతే! ఆ నిమిషాన్ని గంటలు చేయడానికి మరో మూడేళ్లు పట్టింది. 1897 పరీక్షలో ఇంధనంలోని శక్తిలో 26 శాతానికి పైగా పనిగా మారింది. అప్పటి ఆవిరి యంత్రాలకు 10 శాతం రావడమే గొప్ప.

డబ్బు వచ్చిపడింది. అమెరికా హక్కులను బీరు వ్యాపారి అడాల్ఫస్ బుష్ కొన్నారు. కానీ మొదట్లో అమ్మిన ఇంజిన్లు మొరాయించాయి, కొన్నవాళ్లు మండిపడ్డారు. పేటెంట్ వివాదాలు, తలనొప్పులు ఆయన్ను కుంగదీశాయి. పెట్టుబడులూ కలిసి రాలేదు.

1913 సెప్టెంబర్ 29 రాత్రి. లండన్‌లో సమావేశం కోసం యాంట్వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కారు. భోజనం చేసి, పొద్దున్నే లేపమని చెప్పి గదికి వెళ్లారు. తెల్లారి చూస్తే పక్క నలగలేదు.. మనిషి లేరు. టోపీ, కోటు డెక్ మీద దొరికాయి. పది రోజుల తర్వాత ఒక డచ్ పడవ సిబ్బందికి సముద్రంలో శవం కనిపించింది. జేబులోని వస్తువులు తీసుకుని శవాన్ని మళ్లీ నీళ్లలోనే వదిలేశారు. ఆ వస్తువులు తండ్రివేనని కొడుకు గుర్తుపట్టారు.

ప్రమాదమా, ఆత్మహత్యా, హత్యా? ఇప్పటికీ తేలలేదు. భార్యకు ఇచ్చి వెళ్లిన సంచిలో మాత్రం మార్కుల నగదు, బ్యాంకు ఖాతాలు దాదాపు ఖాళీ అని చూపే కాగితాలు బయటపడ్డాయి.