గురువుతో తలపడిన శిష్యుడు: ఒలివర్ మోవత్

కాకినాడలో కెనడా బాప్టిస్టు మిషనరీలు 1874లో పని మొదలుపెట్టారని మన సంఘాల పెద్దలు చెబుతుంటారు. ఆ నాళ్లలో కెనడాలోని ఒంటారియో రాష్ట్రానికి ప్రీమియర్‌గా, అంటే మన ముఖ్యమంత్రి వంటి పదవిలో, ఉన్నవాడు ఒలివర్ మోవత్. ప్రెస్బిటేరియన్ సంఘస్థుడు. ఆయన్ని మన పాఠకులకు పరిచయం చేయాలని మేము చాలాకాలంగా అనుకుంటున్నాం.

1820లో కింగ్‌స్టన్‌లో పుట్టాడు. కుర్రవాడిగా ఉండగానే న్యాయవిద్యకు జాన్ మెక్‌డొనాల్డ్ అనే యువ వకీలు దగ్గర చేరాడు. ఈ మెక్‌డొనాల్డే తర్వాత కెనడా తొలి ప్రధానమంత్రి! గురుశిష్యులు రాజకీయాల్లో చెరో పక్షమయ్యారు. 1861లో శాసనసభలోనే గురువు కోపంతో శిష్యుణ్ణి చెంపదెబ్బ కొడతానని మీదికొచ్చాడు. మోవత్ మాత్రం కోర్టులోనే జవాబు చెప్పే మనిషి.

1872లో న్యాయమూర్తి పదవి వదిలి ప్రీమియర్ అయ్యాడు. ఒక్క ఎన్నికలోనూ ఓడకుండా దాదాపు 24 ఏళ్లు పాలించాడు. 1874లో రహస్య ఓటు తెచ్చాడు. స్త్రీలు న్యాయవాద వృత్తిలో అడుగుపెట్టే దారి 1892లో ఆయన ప్రభుత్వమే తెరిచింది. వకీలు సాక్ష్యాలను తూచినట్టు క్రైస్తవ విశ్వాసానికి గల ఆధారాలను తూస్తూ ఒక చిన్న పుస్తకం కూడా రాశాడు.

రాష్ట్రాలు కేంద్రం చెప్పుచేతల్లో ఉండాలన్నది మెక్‌డొనాల్డ్ పట్టు. మోవత్ ఒప్పుకోలేదు. పశ్చిమ సరిహద్దు తగాదాలో ర్యాట్ పోర్టేజ్ అనే ఊళ్లో ఒంటారియో, మానిటోబా పోలీసులు ఒకరినొకరు జైల్లో పెట్టుకునేదాకా వెళ్లింది. 1884లో లండన్ ప్రీవీ కౌన్సిల్ తీర్పు మోవత్ వైపే వచ్చింది.

ఇక్కడే మా మనసు ఆగుతుంది. ఆ భూమి ఓజిబ్వే ప్రజలది. 1873లో వారు కేంద్రంతో ఒడంబడిక చేసుకున్నారు. అక్కడి కలప మీద హక్కు కేంద్రానిదా, రాష్ట్రానిదా అని మరో వ్యాజ్యం నడిచింది. ఆ ప్రజలకు భూమిపై అసలు యాజమాన్యమే లేదని ఒంటారియో వాదించింది. 1888లో అదీ గెలిచింది. దైవభక్తి గల మనిషి, న్యాయం ఎరిగిన మనిషి ఈ వాదం వెనుక నిలబడ్డాడంటే మాకు మింగుడుపడదు. కాలం అలాంటిదని సరిపెట్టుకోలేం.

మోవత్ 1903లో టొరంటోలో, లెఫ్టినెంట్ గవర్నర్ పదవిలో ఉండగానే కన్నుమూశాడు. ఆ కలప వ్యాజ్యంలో వాది ప్రతివాదుల్లో గాని, సాక్షుల్లో గాని ఒక్క ఓజిబ్వే మనిషీ లేడు.