కర్మవీర భావురావు పాటిల్

కొల్హాపురమునకు చేరువనున్న కుంభోజ గ్రామమున 1887వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన ఒక జైన కర్షక కుటుంబమున భావురావు పాటిల్ జన్మించెను. తదుపరి కాలమున వందలకొలది పాఠశాలలు నెలకొల్పిన ఈ మహనీయుడు తాను మెట్రిక్యులేషను పరీక్ష గట్టెక్కలేదు. కొల్హాపురమున జైన విద్యార్థి వసతిగృహమున ఉండి చదువుకొను రోజులలో, అంటరానివారని వెలివేయబడిన బాలుర కొరకు స్థాపించిన వసతిగృహపు ప్రారంభోత్సవమునకు ఆయన వెళ్ళెను. తిరిగివచ్చిన పిమ్మట స్నానము చేసి శుద్ధి పొందవలెనని పెద్దలు పట్టుబట్టిరి. ఆయన అంగీకరింపలేదు. వసతిగృహమునుండి వెడలగొట్టబడెను.

కొంతకాలము ట్యూషనులు చెప్పి, అటుపై ఓగలే గాజు కర్మాగారమునకును, కిర్లోస్కరు ఇనుప నాగళ్ళ కర్మాగారమునకును ప్రతినిధియై ఆయన ఊరూర తిరిగెను. నాగలి అమ్మవలెనన్న రైతు అరుగుమీద కూర్చుండి అతని కష్టసుఖములు వినక తప్పదు. అప్పటి బొంబాయి రాజధానిలోని సతారా జిల్లాలో పల్లెటూళ్ళ స్థితి ఆయనకు అట్లు కరతలామలకమయ్యెను. పెక్కు ఊళ్ళలో బడి లేదు. ఉన్నచోట పేదవాని బిడ్డకు అందులో చోటు లేదు. ఒకచోట తరగతి వెలుపల కూర్చుండి పాఠము వినుచున్న హరిజన బాలుని చూచి ఆయన మనసు కలతచెందెను. ఆ బాలుని వెంటబెట్టుకొనిపోయి కొల్హాపురమున చదువునకు ఏర్పాటు చేసెను.

జ్యోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజపు భావములు ఆయనకు ఊపిరి. 1919 అక్టోబరు 4న కరాడ్ సమీపమున కాలే గ్రామమున రయత్ శిక్షణ సంస్థను స్థాపించెను. మన రైతు అను మాటయు, మరాఠీలోని రయత్ అను మాటయు ఒక్కటే. కాని అక్కడ ఆ మాటకు సామాన్య ప్రజ అని అర్థము. సంస్థకు మఱ్ఱిచెట్టు చిహ్నమయ్యెను.

1924లో సతారాలో వసతిగృహము తెరచిరి. బ్రాహ్మణుడు, మరాఠా, ముస్లిము, హరిజనుడు అను భేదము లేక బాలురందరును ఒకే పంక్తిని భుజింపవలెను, ఒకే కప్పు క్రింద నిదురింపవలెను, వంటయు ఊడ్పును వంతులవారీగా చేయవలెను. ఆనాటి సంఘములో ఇది సామాన్యమైన సాహసము కాదు. 1927లో గాంధీమహాత్ముడు సతారాకు విచ్చేసి ఈ గృహమును చూచి సంతసించెను.

అయితే ఈ బాలురకు అన్నమెవరు పెట్టిరి? ఊళ్ళవారు పెట్టిరి. ఇంటింట విసరునప్పుడు పిడికెడు ధాన్యము విడిగా ఉంచవలెనని భావురావు గ్రామములు తిరిగి కోరెను. సంపన్నుని బస్తాకన్న పేదరాలి పిడికిలియే ఆయనకు ముఖ్యము. ధాన్యమిచ్చిన చేయి బడిని తనదనుకొనును గదా! కాని ధాన్యము ప్రతిదినము సమయమునకు రాదు. అట్టి దినములలో భారము ఆయన ధర్మపత్ని లక్ష్మీబాయిపై పడెను. ఆచారవంతమైన ఇంట పెరిగిన ఆమెకు మొదట అన్ని కులముల పిల్లలకు వండిపెట్టుటయే కష్టమయ్యెను. పిదప ఆ పిల్లలే ఆమెకు బిడ్డలైరి. వారి ఆకలి తీర్చుటకై ఆమె నగలొక్కొక్కటిగా వెళ్ళిపోయెను. తుదకొకనాడు మంగళసూత్రము కూడ ఇచ్చివేసెను. 1930లో ఆమె మరణించెను. భావురావు కీర్తి చెప్పువారు ఈ ఇల్లాలి పేరు ముందుగా చెప్పుట న్యాయము.

ఊరూర బడి పెట్టవలెనన్న ఉపాధ్యాయులు కావలెను. అందుకై 1935లో సతారాలో సిల్వర్ జూబిలీ ఉపాధ్యాయ శిక్షణ కళాశాల తెరచిరి. (ఆ రజతోత్సవము ఐదవ జార్జి చక్రవర్తిది!) ఇచ్చట తర్ఫీదైన యువకులు బడి ఎరుగని కొండపల్లెలకు వెళ్ళిరి. గ్రామస్థులు గుడి మండపమో, చావడియో చూపిరి; కొన్నిచోట్ల తామే గోడలు లేపిరి. ఇట్టి స్వచ్ఛంద పాఠశాలలు ఆ జిల్లాలో ఐదు వందలకు పైబడి వెలసెను. బడి పైనుండి దిగివచ్చిన సర్కారు కచేరీవలె గాక, ఊరి బావివలె ఊరివారిదయ్యెను.

చదువు తీరును కూడ ఆయన మార్చెను. 1940లో సతారాలో స్థాపించిన మహారాజా సయాజీరావు ఉన్నత పాఠశాలలో విద్యార్థి జీతము చెల్లింపనక్కరలేదు; కష్టించి సంపాదించుచు చదువుకొనవలెను. బాలురు పొలము దున్నిరి, రాళ్ళు కొట్టిరి, భవనములకు ఇటుకలు మోసిరి. చదివిన కొడుకు నాగలి ముట్టడను రైతు భయమునకు ఇది సమాధానము. పాఠము చదువవలసిన వేళ పిల్లలచేత పని చేయించుటేమని ఆక్షేపించినవారును లేకపోలేదు. ఆ ఆక్షేపణలో కొంత బలము కలదు. అలసిన దేహమునకు రాత్రి పుస్తకము బరువే. కాని జీతము కట్టలేని బాలునకు అంతకన్న వేరు దారి అప్పుడు కానరాలేదు. 1947లో ఛత్రపతి శివాజీ కళాశాలయు సతారాలో ఆరంభమయ్యెను.

మరుసటి సంవత్సరమే కష్టము వచ్చెను. రాజకీయ కారణములచే ప్రభుత్వము సంస్థకిచ్చు గ్రాంటును నిలిపివేసెను. ఉపాధ్యాయుల జీతములకే కటకట ఏర్పడెను. అప్పుడు పిడికెడు ధాన్యమిచ్చిన ఊళ్ళే చందాలిచ్చి బడులను నిలిపెను. లోకులు సాధువని కొలుచు గాడ్గే మహారాజు భావురావు పక్షమున నిలిచి ప్రభుత్వమునకు నచ్చజెప్పెను. గ్రాంటు తిరిగి లభించెను. పిమ్మట ప్రాథమిక విద్య జిల్లా స్కూలు బోర్డు క్రిందికి పోయినప్పుడు, స్వహస్తముతో పెంచిన ఆ స్వచ్ఛంద పాఠశాలలను భావురావు బోర్డునకు అప్పగింపవలసివచ్చెను. ఆయన ఆగలేదు, ఉన్నత పాఠశాలల వైపు, కళాశాలల వైపు మరలెను. 1954లో కరాడ్‌లో తెరచిన కళాశాలకు గాడ్గే మహారాజు పేరు పెట్టిరి.

1959లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదమును, పూనా విశ్వవిద్యాలయము డాక్టరు పట్టమును ఇచ్చి ఆయనను గౌరవించెను. మెట్రిక్యులేషను దాటని ఆ పెద్దమనిషి అప్పటికే జబ్బుతో మంచము పట్టియుండెను. ఆ సంవత్సరమే మే 9వ తేదీన పూనాలో కన్నుమూసెను. ప్రజలు అంతకుముందే కర్మవీరుడని పిలిచియుండిరి. ఆ పేరే నిలిచెను. ఆయన సమాధి సతారాలో, తాను పెంచిన విద్యాలయముల నడుమనే కలదు.