ఒకే అర్థం, రెండు దారులు

బిడ్డకు పేరు పెట్టాలంటే మనం బైబిలు తెరుస్తాం. ఆ పేరులోని దీవెన బిడ్డకు దక్కాలని మన ఆశ. సువార్త అందక ముందు స్లావ్ జాతుల వారు తమ బిడ్డల పేర్లలో ‘స్లావ’ అనే మాటను ఇష్టంగా చేర్చుకునేవారు. ‘స్లావ’ అంటే కీర్తి, మహిమ. చెక్ ప్రజల ‘వాత్స్లావ్’ అలాంటి పేరే. ‘మరింత మహిమ’ అని దాని భావం. ఇంగ్లిషు వారు వెన్సెస్లాస్ అంటారు.

పదవ శతాబ్దంలో బొహీమియాను ఏలిన యువరాజు పేరది. నాయనమ్మ లుద్మిలా అతనికి చిన్ననాడే క్రీస్తును పరిచయం చేసింది. 921లో తండ్రి చనిపోయాడు. ఆ ఏడాదే, అధికార వైరంలో లుద్మిలాను గొంతు నులిమి చంపారు. అయినా ఆమె నాటిన విశ్వాసం చావలేదు. పాలన చేపట్టిన వాత్స్లావ్ ప్రేగ్‌లో చర్చి కట్టించాడు. ఆకలిగొన్న వారికి అన్నం పెట్టాడని, దిక్కులేని వారిని ఆదరించాడని తొలినాటి జీవిత చరిత్రలు చెబుతున్నాయి.

అతని తమ్ముడు బొలెస్లావ్. విచిత్రమేమంటే ఆ పేరుకూ ‘మరింత మహిమ’ అనే అర్థం! తమ్ముడు ఆ మహిమను సింహాసనంలో వెదికాడు. పండుగకని అన్నను తన ఊరికి పిలిచాడు. 935 సెప్టెంబరు 28 ఉదయం ప్రార్థనకు వెళుతున్న అన్నను తన మనుషులతో కలిసి చర్చి గుమ్మం దగ్గరే చంపాడు. వాత్స్లావ్‌కు అప్పటికి ముప్పై ఏళ్లయినా నిండలేదు.

బొలెస్లావ్ మూడు దశాబ్దాలకు పైగా ఏలాడు, రాజ్యాన్ని విస్తరించాడు. కాని చరిత్ర అతన్ని ‘క్రూరుడు’ అంది. అన్న పేరునేమో తరువాత నలుగురు బొహీమియా రాజులు ధరించారు. 2000 నుంచి సెప్టెంబరు 28 చెక్ దేశంలో జాతీయ సెలవుదినం. పేదవానికి సాయపడేందుకు మంచులో నడిచి వెళ్లిన రాజుగా అతన్ని వర్ణిస్తూ జాన్ మేసన్ నీల్ 1853లో రాసిన క్రిస్మస్ గీతాన్ని నేటికీ పాడుతున్నారు.

దేవుని కృప హంతకుని ఇంటినీ విడువలేదు. బొలెస్లావ్ కుమార్తె దొబ్రావాను పెళ్లాడిన పోలండ్ పాలకుడు మియెష్కో 966లో బాప్తిస్మం పొందాడు.

మనం వాత్స్లావ్‌కు ప్రార్థించం, అతని జీవితం నుంచి నేర్చుకుంటాం. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచే మనమే సంఘ పదవుల కోసం కోర్టు మెట్లెక్కుతున్నాం. మన పేర్లు కూడా యోహాను, పౌలు, మరియలే! పేరు తల్లిదండ్రులు పెడతారు, దాని అర్థాన్ని మన నడతే రాస్తుంది. తన్ను తాను రిక్తునిగా చేసుకున్న క్రీస్తు దారిలోనే నిజమైన మహిమ ఉంది. ఈ వారం మనకు దూరమైన సహోదరుని గుమ్మం తట్టుదాం. అయితే బొలెస్లావ్‌లా కాదు, క్షమాపణతో.