బోధకులకు బోధించిన అజరయ్యగారు

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 18:24-28

ఎఫెసు పట్టణమునకు వచ్చిన అపొల్లోను మన సంఘములలో చాలమంది ఎరుగుదురు. ఆయన చక్కగా మాటలాడగలవాడు, లేఖనములు బాగుగా చదివినవాడు, ఉత్సాహముతో బోధించువాడు. అయినను ఆయనకు తెలిసినది యోహాను బాప్తిస్మము వరకే. ఆయన బోధను విన్న అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు నలుగురిలో ఆయనను తప్పుపట్టలేదు. ఉత్సాహము ఉన్నది గదా, అదియే చాలునని ఊరకుండనూ లేదు. ఆయనను చేర్చుకొని, దేవుని మార్గమును మరింత పూర్తిగా వివరించి చెప్పిరి. ఆ తరువాత అపొల్లో అకయకు పోయి అక్కడి విశ్వాసులకు మిక్కిలి సహాయకుడాయెను.

బోధించువానికి ఉత్సాహమొక్కటే చాలదు, అతనికి నేర్పువారు ఉండవలెను. ఈ సంగతిని తన జీవితకాలమంతయు మన తెలుగు పల్లెలలో ఆచరించి చూపిన దైవజనుని చరిత్రను ఈ నెల మేము పాఠకుల ముందుంచుచున్నాము. ఆయన డోర్నకలు బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. కల్లూరు వారు ఖమ్మము చేరి, అక్కడ వరంగల్లు వైపు పోవు రైలెక్కినయెడల కొంతసేపటికే డోర్నకలు కూడలి వచ్చును. అక్కడి పెద్ద దేవాలయమును చూచినవారు మనలో అనేకులు. దానిని కట్టించినవారు అజరయ్యగారని తెలిసినవారును అనేకులే. కాని ఆ రాతి గోడలకంటె ముందుగా వారు ఊరూర ఉపాధ్యాయులను నిలిపిన సంగతిని మన పిల్లలకు చెప్పువారు తక్కువ.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17వ తేదీన తమిళదేశమందలి తిరునెల్వేలి ప్రాంతములో వెళ్లాలన్‌విళై అను చిన్న పల్లెలో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయగంగారు మిషను పాఠశాలలో చదువుకొని, దాని మూలముగా క్రీస్తును తెలిసికొని, తరువాత గురువైనవారు. ఆ విధముగా బడి అనునది ఆ కుటుంబమునకు రక్షణమార్గపు గుమ్మమాయెను. అజరయ్యగారు తిరునెల్వేలిలో చదివి, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి. అయితే అక్కడ డిగ్రీ పట్టా పొందకుండగనే చదువు ముగిసినది. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి, 1909 వరకు దక్షిణ దేశమంతట యువకుల మధ్య పనిచేసిరి. 1898లో అంబు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. దక్షిణ భారతమందు కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె యొకరు.

ఆ దినములలో సువార్తపని అనగా దొరలు చేయవలసినది, మనము చూడవలసినది అను తలంపు సంఘములలో నాటుకొని యుండెను. అజరయ్యగారు దీనికి ఒప్పుకొనలేదు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ స్వంత కానుకలతో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించుటకు వారు ముఖ్య కారకులైరి. 1905 డిసెంబరు 25వ తేదీన శ్రీరాంపూరులో జాతీయ మిషనరీ సంఘము ఏర్పడినప్పుడును వారు ముందు నిలిచిరి. తిరునెల్వేలి వారు తమ సేవకులను పంపుటకు ఎన్నుకొనిన స్థలము నైజాము రాజ్యములోని డోర్నకలు. అప్పుడది అడవి నడుమ ఒక చిన్న రైలు కూడలి. సింగరేణి బొగ్గుగనులకు పోవు దారి అక్కడనే చీలుచుండెను.

ఇతరులను పొమ్మని చెప్పిన అజరయ్యగారు తామే 1909లో గురువుగా అభిషేకము పొంది డోర్నకలునకు వచ్చిరి. అప్పటికి వారి వయస్సు దాదాపు 35 సంవత్సరములు. వారి మాతృభాష తమిళము. ఇక్కడివారి భాష తెలుగు. వేలమంది యువకులముందు ఇంగ్లీషులో ప్రసంగించినవాడు అక్షరాభ్యాసము చేయు పిల్లవానివలె తెలుగు ఓనమాలు దిద్దుకొనవలసి వచ్చినది. వారు దీనిని చిన్నతనముగా ఎంచలేదు. నేర్చుకొని, ఆ భాషలోనే బోధించిరి. పాఠము చెప్పగోరువాడు మొదట విద్యార్థి కావలెనను నియమమును వారు మొదట తమ మీదనే పెట్టుకొనిరి.

1910లో స్కాట్లాండు దేశమందలి ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వారు ప్రసంగించిరి. విదేశీ సేవకుల త్యాగమును మెచ్చుకొనుచునే, మాకు కావలసినది దయచూపు యజమానులు కాదు, సమానులుగా నడచు స్నేహితులని నిర్భయముగా చెప్పిరి. ఆ మాట అనేకులను నొప్పించినది, అనేకులను మేల్కొలిపినది. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని పరిశుద్ధ పౌలు దేవాలయములో అజరయ్యగారు డోర్నకలు బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనే. తరువాతి సంవత్సరములలో ఆ మండలము చాల విస్తరించినది.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చుచున్నాము. ఆ కాలమున ఊరికి ఎడముగా ఉన్న మాల, మాదిగ పేటలనుండి కుటుంబములకు కుటుంబములు ప్రభువునొద్దకు వచ్చుచుండెను. వారిలో చదువు వచ్చినవారు బహు అరుదు. ఊరి బడిలో వారి పిల్లలకు చోటు లేదు. కొద్దిమంది గురువులు వందలకొలది పల్లెలకు పోజాలరు. అట్టి పల్లెలో నివసించి, దినదినము వారిని నడిపించినవాడు పంతులుగారే. పగలు పిల్లలకు అక్షరములు చెప్పవలెను. రాత్రి కూలినుండి తిరిగివచ్చిన పెద్దలను దీపము చుట్టు కూర్చుండబెట్టి ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాసప్రమాణము నేర్పవలెను. రోగికి ప్రార్థన, తగవుకు తీర్పు, దస్తావేజు చదువుట, ఉత్తరము వ్రాయుట అన్నియు అతనిమీదనే పడెడివి. అతడు తప్పు నేర్పినచో పల్లెయంతయు తప్పు నేర్చుకొనును. అతడు త్రాగినచో, అబద్ధమాడినచో, పల్లె క్రీస్తును ఆ విధముగానే ఎరుగును.

పేదవారికి ఏ పంతులైనను చాలునని అనుకొనుట సులభము. కొత్తగా నమ్మినవారికి నాలుగు పాటలు, రెండు కథలు తెలిసినవాడు చాలడా అని అడుగువారు ఆనాడును ఉండిరి. అజరయ్యగారి పని దీనికి మారుగా నడచినది. డోర్నకలులో బడి, వసతిగృహము, వేదపాఠశాల, అచ్చుకూటము ఏర్పడినవి. వేదపాఠశాలకు వివాహితులైన విద్యార్థులు భార్యాబిడ్డలతో వచ్చి నివసించిరి. అజరయ్యమ్మగారు ఆ భార్యలకు నేర్పిరి. ఎందుకనగా పల్లెలో భర్త మగవారికి బోధించును గాని, ఇండ్లలోనికి పోయి తల్లులతో మాటలాడునది పంతులమ్మగారే. అకుల ప్రక్కన ప్రిస్కిల్ల ఉన్నట్లు, పంతులుగారి ప్రక్కన నేర్చుకొనిన పంతులమ్మగారు ఉండవలెను. ఇట్లు శిక్షణపొందిన యిల్లే పల్లెకు రెండవ పాఠమాయెను. శుభ్రత, ప్రార్థన, ఆడపిల్లను బడికి పంపుట, భార్యను గౌరవించుట ఇవి పలకమీద వ్రాసి చూపునవి కావు. కంటితో చూచి నేర్చుకొనునవి.

బిషప్పుగారు ఎడ్లబండిమీదను, సైకిలుమీదను పల్లెలు తిరిగి సంఘములను స్వయముగా పరామర్శించెడివారు. సామాన్యులకు ఉపయోగపడు వేదపాఠ్యగ్రంథములు వ్రాసిరి. 1930లో, అంతకుముందు మద్రాసు బిషప్పుగా ఉండిన హెన్రీ వైట్‌హెడ్‌గారితో కలిసి భారతదేశపు పల్లెలలో క్రీస్తు పనిని గూర్చి ఒక పుస్తకము వ్రాసిరి. 1935 నాటికి ఆ మండలములో భారతీయ గురువులు దాదాపు 250 మందియు, పల్లె ఉపాధ్యాయులు, వైద్యసేవకులు, సువార్తికులు కలిసి 2,000 మందికి పైగాను ఉండిరి. రెండు లక్షలకు మించిన విశ్వాసులను ఆ సేవకులే మోసిరి. వారిలో ఎక్కువమంది పేర్లు ఏ చరిత్రలోను లేవు. కాని మన తాతలకు చేయిపట్టి అక్షరము దిద్దించినవారు అట్టివారే.

1930 దశకములో పేదల మతమార్పిడిని గూర్చి గాంధీగారికిని అజరయ్యగారికిని అభిప్రాయభేదము కలిగినది. చదువులేని పేదలు ఆత్మీయ విషయములను స్వయముగా తెలిసికొని నిర్ణయించుకొనలేరను తలంపును అజరయ్యగారు అంగీకరింపలేదు. పేదవానికిని మనస్సు కలదు, మనస్సాక్షి కలదు; నేర్పినయెడల నేర్చుకొనును అని వారి నమ్మకము. ఆ నమ్మకము లేనివాడు పేదల బడికి మంచి ఉపాధ్యాయుని పంపనే పంపడు.

డిగ్రీ పట్టా లేని అజరయ్యగారికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమిచ్చినది. 1939 జనవరి 6వ తేదీన డోర్నకలు దేవాలయము ప్రతిష్ఠింపబడినది. 1945 జనవరి 1వ తేదీన వారు డోర్నకలులోనే ప్రభువునందు నిద్రించిరి. వారు 1919 నుండి పాటుపడిన సంఘైక్యత వారు చూడకుండగనే 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరినది.

ప్రియ పాఠకులారా, అజరయ్యగారికి పట్టా లేకపోయినను గొప్పవారైరి గదా, మనకు మాత్రము ఎందుకు అని ఎవరైనను అనవచ్చును. అది తప్పు పాఠము. పట్టా లేని ఆయన జీవితాంతము చదివిరి, 35 ఏండ్లకు క్రొత్త భాష నేర్చిరి, ఇతరులు శిక్షణలేకుండ పోకుండునట్లు పాఠశాలలు నిలిపిరి. తనకు దొరకనిది తరువాతివారికి దొరకవలెనని కష్టపడినవాడే నిజమైన పెద్ద.

నేడు పల్లె పంతులుగారి దారి మారినది. 1 నుండి 8 తరగతులకు బోధించువారి అర్హతలను 2009 నాటి విద్యాహక్కు చట్టము ననుసరించి 2010లో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి నిర్ణయించినది. చిన్నతరగతులకు చెప్పగోరువారు ఇంటరు తరువాత డీసెట్ వ్రాసి రెండేండ్ల డి.ఎల్.ఎడ్. చదువవలెను. ఉన్నత పాఠశాలలో చెప్పగోరువారు డిగ్రీ తరువాత ఎడ్‌సెట్ వ్రాసి, విశ్వవిద్యాలయమునకు చేరిన కళాశాలలో రెండేండ్ల బి.ఎడ్. చదువుదురు. 1 నుండి 5 తరగతుల ఉద్యోగమునకు బి.ఎడ్. అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది గనుక, ఏ దారి ఎన్నుకొనవలెనో పిల్లలు ముందుగానే తెలిసికొనుట మంచిది. పిమ్మట 150 మార్కుల టెట్ పరీక్ష కలదు. అందులో సామాన్యులకు 60, వెనుకబడిన తరగతులకు 50, షెడ్యూల్డు కులములు, తెగలు, వికలాంగులకు 40 శాతము రావలెను. అటుతరువాత ప్రభుత్వ ఉద్యోగమునకు డి.ఎస్‌సి. పరీక్ష. 2024లో తెలంగాణలో 11,062 పోస్టులకు ఆ పరీక్ష జరిగినది.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు మరియొక తీర్పు చెప్పినది. పనిలో ఉన్న ఉపాధ్యాయులుసహా, విరమణకు 5 ఏండ్లకంటె ఎక్కువ కాలమున్నచో, రెండేండ్లలో టెట్ ఉత్తీర్ణులు కావలెను. అల్పసంఖ్యాక వర్గముల పాఠశాలల సంగతి మాత్రము పెద్ద ధర్మాసనమునకు పంపబడినది. ఇన్ని ఏండ్లు చెప్పిన మాకు మరల పరీక్షయా అని బాధపడిన ఉపాధ్యాయులు అనేకులు. వారి కష్టమును తేలికగా చూడరాదు. అయినను విద్వాంసుడైన అపొల్లో మరల నేర్చుకొనుటకు కూర్చుండెననియు, అజరయ్యగారు నడివయస్సులో ఓనమాలు దిద్దిరనియు జ్ఞాపకముచేసికొనుట వారికి ఆదరణ కాగలదు.

ఈ దారిలో మన పల్లెల పిల్లలు ఎక్కడ ఆగిపోవుచున్నారు? తెలివిలేక కాదు. ఫీజు కట్టలేక, దరఖాస్తు గడువు తెలియక, చదువుకొనుటకు రాత్రివేళ నిశ్శబ్దమైన చోటు లేక, ఒకసారి తప్పినందుకు సిగ్గుపడి ఆగిపోవుచున్నారు. ఇవి సంఘము తీర్చగలిగిన అక్కరలే. మన తల్లులు వంటకు తీసిన బియ్యములో ఒక పిడికెడు దేవుని పనికి ఎత్తిపెట్టిన అలవాటు ఇంకను మరచిపోలేదు గదా! మందిరమును రాత్రి చదువుకు తెరచుట, విరమించిన ఉపాధ్యాయుడు వారమునకు రెండు దినములు పాఠము చెప్పుట, పరీక్ష తప్పిన బిడ్డను పేరుపెట్టి ప్రార్థించుట కష్టమైన పనులు కావు. అకుల ప్రిస్కిల్లలు చేసినదియు ఇంతే. ఆదివారపు బడి చెప్పువారికి కూడ ముందుగా పాఠము నేర్పకుండ పిల్లలయొద్దకు పంపకుందము.

ఉద్యోగము పొందిన ఉపాధ్యాయులకును ఒక మాట. మీరు పట్టా పొందినది మీ కష్టముచేతనే; కాని ఎవరో పేరులేని పంతులుగారు మీ తాతకు అక్షరము దిద్దించినందుచేతనుకూడ. అడవి అంచున, గోదావరి వైపు పల్లెలలో ఇంట కోయభాష మాటలాడి బడిలో తెలుగు వినుచు తికమకపడు బిడ్డ నేటికిని ఉన్నాడు. పరాయి భాష నేర్చుకొనుటలోని కష్టమును అజరయ్యగారు ఎరిగిరి. ఆ బిడ్డ భాషలో నాలుగు మాటలు నేర్చుకొని అతనిని పలుకరించు ఉపాధ్యాయుడు అజరయ్యగారి అడుగులలో నడచువాడే.

నేర్చుకొనుటకు తగ్గింపును, నేర్పుటకు ఓర్పును, నేర్చుకొనువారిని ఆదుకొనుటకు ప్రేమగల హృదయమును ప్రభువు మన సంఘములన్నిటికి అనుగ్రహించును గాక. ఆమేన్.