కేంద్రకామ్లాలను కనుగొన్న ఫ్రెడరిక్ మీషర్

జీవకణంలో కేంద్రకామ్లాల ప్రాధాన్యాన్ని పాఠ్యగ్రంథాలలో చదువుకొంటున్న మనం, వాటిని మొట్టమొదట వేరుచేసిన శాస్త్రజ్ఞుని జీవితాన్ని కూడా తెలుసుకొనవలసి ఉన్నది.

ఫ్రెడరిక్ మీషర్ 1844 ఆగస్టు 13న స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో జన్మించాడు. తండ్రి వైద్యుడు, మేనమామ విల్‌హెల్మ్ హిస్ శరీరనిర్మాణ శాస్త్రంలో ప్రసిద్ధుడు. మీషర్ కూడా 1868లో వైద్య పట్టం పొందాడు. కాని వినికిడి లోపం వల్ల వైద్యవృత్తి తనకు అనుకూలం కాదని గ్రహించి, మేనమామ ప్రోత్సాహంతో కణాల రసాయన పరిశోధనకు పూనుకొన్నాడు.

జర్మనీలోని ట్యూబింగెన్ కోటలో ఆచార్య హోప్పె-సైలర్ ప్రయోగశాల ఉండేది. పూర్వం వంటశాలగా ఉన్న గదిలో మీషర్ పని ప్రారంభించాడు. అతడు ఎన్నుకొన్న పదార్థం చీము. ఆసుపత్రిలో పారవేసే కట్టుగుడ్డలను తెప్పించి, వాటి నుండి తెల్లరక్తకణాలను సేకరించాడు. పంది జీర్ణాశయం నుండి తీసిన పెప్సిన్‌తో మాంసకృత్తులను కరిగించగా కేంద్రకాలు మిగిలాయి. వాటిలో 1869లో ఒక క్రొత్త పదార్థం లభించింది. అది పెప్సిన్‌కు లొంగలేదు. దానిలో భాస్వరం అధికంగా ఉన్నది. దానికి న్యూక్లిన్ అని పేరుపెట్టాడు. గురువు ఆ ఫలితాన్ని వెంటనే అంగీకరించక, ప్రయోగాలను స్వయంగా తిరిగి చేసి చూచిన పిమ్మటనే 1871లో ప్రచురించాడు.

1872 నాటికి బాసెల్‌లో ఆచార్యుడైన మీషర్, రైన్ నదిలో ఎదురీది వచ్చే సాల్మన్ చేపల శుక్రకణాల నుండి న్యూక్లిన్‌ను మరింత శుద్ధంగా సాధించాడు. పదార్థం చెడిపోకుండా ఉండేందుకు చలిగదులలో గంటల తరబడి శ్రమించేవాడు. ఫలదీకరణకు ఒకే పదార్థం కారణమైతే అది న్యూక్లినే కావచ్చునని 1874లో తలచినా, ఆ ఊహను తానే విడిచిపెట్టాడు. 1889లో ఆల్ట్‌మన్ ఈ పదార్థాన్ని మాంసకృత్తుల నుండి విడదీసి, కేంద్రకామ్లమని నామకరణం చేశాడు. క్షయవ్యాధికి లోనై మీషర్ 1895లో దావోస్‌లో కన్నుమూశాడు.

అతడు విడిచిన ఊహలోని సత్యం తరువాత వెల్లడైంది. డి.ఎన్.ఏ. వంశలక్షణాలను మోస్తుందని 1944లో ఏవరీ బృందం నిరూపించింది. 1953లో వాట్సన్, క్రిక్ దాని జంటమెలికల రూపాన్ని వివరించారు. చక్కెర, ఫాస్ఫేటు, నత్రజని క్షారం కలిసిన ఖండాల గొలుసే కేంద్రకామ్లం. డి.ఎన్.ఏ.లో అడినిన్‌కు ఎదురుగా థైమిన్, గ్వానిన్‌కు ఎదురుగా సైటోసిన్ నిలుస్తాయి. అందువల్లనే ఒక పోగును బట్టి రెండవది తయారై, కణం విభజన చెందినపుడు వారసత్వం చెదరక సంక్రమిస్తుంది. దాని ఆదేశాన్ని ఆర్.ఎన్.ఏ. రైబోసోముల వద్దకు చేర్చగా అక్కడ మాంసకృత్తులు నిర్మితమవుతాయి.

తాను పట్టుకొన్నది ఎంతటిదో మీషర్ ఎరుగడు. అయినను అతడు శుద్ధి చేయుటలో అలసత్వం చూపలేదు. ప్రయోగశాలలో ఫలితం కోసం తొందరపడే మనకు ఆ జీవితం నుండి నేర్చుకొనవలసినది ఇదేనని మేము భావిస్తున్నాము.